పాత కాగితాలు, పాత ఫోటోలు: ఫోన్‌తో తీయాలా, షాపుకి పోవాలా, స్కానర్ కొనాలా?

పోయిన ఎండాకాలం మా నాయిన బీరువా పై అరలోంచి ఒక రేకు డబ్బా దించి నా ముందు పెట్టాడు. తాత కొన్న రెండెకరాల సాదా బైనామా (రిజిస్ట్రీ కాని అమ్మకం కాగితం), ఉర్దూలో ఉన్న పహాణి (భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉందో రాసే రికార్డు) నకలు, 1954-55 ఖాస్రా పహాణి నకలు, రంగు వెలిసిన పాస్‌బుక్కులు, నా టెన్త్ మెమో, వీటన్నిటి కింద ఒక కవరు నిండా ఫోటోలు. "ఇవన్నీ ఫోన్లకు ఎక్కియ్యిరా, మల్ల చెద పడితే ఏం చేస్తం" అన్నాడు. ఆయన భయం ఊరికే రాలేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అంతటి చెట్టుకే చెద పట్టి, 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి చుక్క చుక్క మందు ఎక్కించారు. మన బీరువాలో కాగితాలెంత?

నేను చేసిన మొదటి పనే తప్పు. నల్లగొండలో ఒక జిరాక్స్ సెంటర్‌కి బైనామా పట్టుకుపోయాను. "తమ్మీ, పాత కాగితం, పైనుంచి లాక్కునే దాంట్ల పెట్టకు, అద్దం మీద పెట్టు" అని చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ పిల్లగాడు మిగతా కాగితాలతో కలిపి పై ట్రేలో పెట్టి బటన్ నొక్కాడు. మడత దగ్గర ముడుచుకుని లోపల ఇరుక్కుంది, బయటికి లాగేసరికి రెండు ముక్కలు. సంతకాలూ వేలిముద్రలూ ఉన్న భాగం చిరగలేదు కాబట్టి ఇంటికి రాగలిగాను. ఆ తర్వాత ఫోన్‌తో చేశాను, ఆఫీసు ప్రింటర్ మీద చేశాను, బావమరిది దగ్గర స్కానర్ అడిగి తెచ్చుకున్నాను, చివరికి ఒకటి కొన్నాను. ఏది ఎవరికి సరిపోతుందో ఆ అనుభవంతో రాస్తున్నాను.

## ముందు డబ్బా తెరిచి చూడండి, స్కానర్ల ధరలు తర్వాత

స్కానర్ అట్టపెట్టె మీద 4800 డీపీఐ, 6400 డీపీఐ అని పెద్దక్షరాలు ఉంటాయి. డీపీఐ అంటే అంగుళానికి స్కానర్ చదివే చుక్కలు. వాటితో మనకు పెద్దగా పని పడదు. పనికొచ్చే ప్రశ్నలు వేరే ఉన్నాయి.

అన్నిటికంటే ముందు, ఇది పోతే మళ్లీ దొరుకుతుందా? రిజిస్ట్రీ అయిన దస్తావేజు పోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. మెమో పోతే తిరిగి తిరిగి డూప్లికేట్ తెచ్చుకోవచ్చు. సాదా బైనామా అట్లా కాదు, తెల్లకాగితం మీద రాసుకున్న ఆ ఒక్క ప్రతే దానికి దిక్కు, ఏ ఆఫీసులోనూ దాని జోడీ ఉండదు. నెగెటివ్ లేని ఫోటో కూడా అంతే. మళ్లీ దొరకనివి ఒక కుప్ప, దొరికేవి ఒక కుప్ప పెట్టుకుంటే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

తర్వాత, అది అద్దానికి చదునుగా ఆనుకుంటుందా? విడి కాగితం ఆనుకుంటుంది. లావు పుస్తకం, ఫ్రేములో ఇరుక్కున్న ఫోటో, వంకర తిరిగిన పాత అట్ట ఫోటో ఆనుకోవు. ఇది ఎందుకు ముఖ్యమో కింద చెప్తాను, ఎక్కువమంది తప్పు స్కానర్ కొనేది ఇక్కడే.

సైజు కూడా చూడాలి. మామూలు ఫ్లాట్‌బెడ్ (మూత ఎత్తి అద్దం మీద కాగితం బోర్లా పెట్టే స్కానర్) అద్దం 216 మి.మీ. వెడల్పు, 297 మి.మీ. పొడవు, అంటే ఎ4. స్టాంపు కాగితాలు దానికంటే పొడుగు. పైభాగం ఒకసారి, కింది భాగం ఒకసారి, మధ్యలో మూడు నాలుగు వరుసలు రెండింటిలోనూ వచ్చేలా స్కాన్ చేసి కలుపుకోవాలి. కరిజ్మా పెళ్లి ఆల్బమ్‌ల గురించి అయితే ఫ్లాట్‌బెడ్ ఆలోచనే వద్దు, వాటికి స్టూడియోవాళ్ల దగ్గర అసలు ఫైళ్లు ఉన్నాయేమో అడగడం మేలు.

ఇంకొకటి, స్కాన్ చేసి ఏం చేస్తారు? ఆన్‌లైన్ దరఖాస్తులో 200 కేబీ లోపు పెట్టడానికా, పెద్దగా ప్రింటు తీసి ఫ్రేము కట్టించడానికా, పిల్లల కాలందాకా దాచడానికా? మూడూ ఒకే స్కాన్‌తో అయ్యే పనులు కావు.

## ఒక్క చూపులో

| దారి | దేనికి మంచిది | ఎక్కడ దెబ్బ తింటాం | ఖర్చు |
|---|---|---|---|
| ఫోన్ యాప్ | మెమోలు, బిల్లులు, పాస్‌బుక్కు, లావు పుస్తకాలు, ఫ్రేములో ఫోటోలు | మెరుపు, నీడ, వంకర, ఫోటోల రంగు | ఏమీ లేదు |
| జిరాక్స్ సెంటర్ | ఒకటి రెండు కాగితాలు, అర్జెంటు పని | పై ట్రే, మన ఫైలు వాళ్ల కంప్యూటర్లో ఉండిపోవడం | పేజీ లెక్క |
| ప్రింటర్ పైనున్న స్కానర్ | విడి కాగితాలు, మామూలు ఫోటోలు | చిన్న ఫోటోలు పెద్దవి చేయడం, నెగెటివ్‌లు | ప్రింటర్ ఉంటే ఏమీ లేదు |
| పలుచటి ఫ్లాట్‌బెడ్ (సీఐఎస్) | విడి ఫోటోలు, పాత కాగితాలు | అద్దానికి ఆనుకోనివి ఏవైనా | తక్కువ |
| లావు ఫ్లాట్‌బెడ్ (సీసీడీ) | ఫ్రేము ఫోటోలు, వంకర అట్టలు, నెగెటివ్‌లు | ధర, చోటు | ఎక్కువ |
| ఫోటో స్టూడియో | నెగెటివ్‌లు, మరమ్మతు కావాల్సిన ఒకటి రెండు ఫోటోలు | ఒరిజినల్ చేతులు మారడం | ఫోటో లెక్క |

## ఫోన్

ఫోన్‌ని చిన్నచూపు చూడకండి. మళ్లీ దొరికే కుప్పకి మొత్తం ఫోన్ చాలు. గూగుల్ డ్రైవ్‌లోనే స్కాన్ ఉంది, అడోబ్ స్కాన్ ఉంది, ఐఫోన్‌వాళ్లకి నోట్స్‌లో ఉంది. అప్పట్లో అందరం వాడిన క్యామ్‌స్కానర్‌ని 2020 జూన్‌లో చైనా యాప్‌లతో పాటు నిషేధించారు, ఇప్పటికీ ఎవరో ఒకరు ప్లేస్టోర్‌తో పని లేకుండా ఎక్కించుకునే ఏపీకే ఫైలు పంపిస్తుంటారు. భూమి కాగితాలు అట్లాంటి దాంట్లో పెట్టకండి.

తీసే చోటు ముఖ్యం. పొద్దున పూట గడప దగ్గరో అరుగు మీదో నీడపట్టున, ఫ్లాష్ ఆపేసి, ఫోన్ కాగితానికి సమానంగా పెట్టి తీయాలి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే మన తల నీడ పడుతుంది. యాప్ తనంతట తాను కాగితాన్ని తెల్లగా చేసే ఫిల్టర్ పెడుతుంది, దాన్ని తీసేసి మామూలు కలర్‌లో ఉంచండి. ఆ ఫిల్టర్ కొత్త ప్రింటు కాగితానికి బాగుంటుంది కానీ పాత కాగితం మీద వెలిసిపోయిన ముద్రనీ, వేలిముద్రలోని గీతల్నీ మురికి అనుకుని తుడిచేస్తుంది. మా ఉర్దూ పహాణిలో ఒక ముద్ర పూర్తిగా మాయమైతే నేను వారందాకా గమనించలేదు.

ఫోటోలకి ఫోన్ సగం పనికొస్తుంది. మనోళ్లు మంచి ఫోటో అనుకున్న ప్రతిదాన్నీ లామినేషన్ చేయించారు కదా, అది అద్దంలా మెరుస్తుంది. గూగుల్ ఫోటోస్కాన్ అనే యాప్ ఫోన్‌ని కొద్దికొద్దిగా పక్కకి జరిపించి ఒకే ఫోటోని నాలుగైదుసార్లు తీసి మెరుపు తీసేస్తుంది, వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి అది బాగానే ఉంటుంది. ప్రింటుకి చాలదు.

## జిరాక్స్ సెంటర్, స్టూడియో

జిరాక్స్ సెంటర్ల మీద కోపం ఏమీ లేదు, అద్దం మీద పెట్టమని నిలబడి చెప్పండి, కలర్‌లో 300 డీపీఐ అని చెప్పండి, ఫైలు మీ మెయిల్‌కి వచ్చాక వాళ్ల కంప్యూటర్లో మీ ముందే తీసేయమనండి. ఇంత చెప్పే ఓపిక లేకపోతే భూమి కాగితాలు తీసుకెళ్లకండి, అంతే.

స్టూడియో వేరు. నెగెటివ్‌లు ఒక ఇరవై ముప్పై ఉన్నవాళ్లు అందుకోసమే పెద్ద స్కానర్ కొనడం దండగ, స్టూడియోలో ఇచ్చేయండి. ఇచ్చేముందు నెగెటివ్ స్ట్రిప్పులు లెక్కపెట్టి, తెల్లటి ఫోన్ తెర మీద పెట్టి ఇంకో ఫోన్‌తో ఒక్కో ఫోటో తీసి పెట్టుకోండి, ఏమిచ్చామో మనకు తెలుస్తుంది.

## ప్రింటర్ మీద ఉన్న స్కానర్

ఇంట్లో ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ ఉంటే ముందు దాని మూత ఎత్తి చూడండి. చాలామంది దాన్ని జిరాక్స్ కోసమే వాడుతుంటారు. చాలావాటిలో 600 లేదా 1200 డీపీఐ ఉంటుంది, కాగితాలకి 300 చాలు, మామూలు సైజు ఫోటోలకి 600 చాలు. నిజం చెప్పాలంటే ఈ వ్యాసం చదివేవాళ్లలో సగం మందికి కొత్తది కొనక్కర్లేదు. ప్రింటర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ విసుగు పుట్టిస్తే నాప్స్2 అని ఉచితంగా దొరుకుతుంది, చాలా పేజీలు ఒకే పీడీఎఫ్ చేయడానికి అదే తేలిక.

## పలుచటిదా, లావుదా: అసలు పేచీ ఇక్కడ

కొనాలనుకుంటే రెండు రకాలు. కెనాన్ లైడ్ 300, లైడ్ 400 లాంటివి పలుచగా ఉంటాయి, యూఎస్‌బీ వైరుతోనే కరెంటు తీసుకుంటాయి, లాప్‌టాప్ ఉంటే కరెంటు పోయినా పని ఆగదు, పని అయ్యాక బీరువా పక్కన నిలబెట్టేయొచ్చు. వీటి లోపల ఉండేది సీఐఎస్ అనే సెన్సర్. కాగితం అద్దానికి తాకుతున్నంతసేపు చాలా స్పష్టంగా చదువుతుంది, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేస్తే మసక. ఎప్సన్ పర్‌ఫెక్షన్ వీ600 లాంటి లావువాటిలో సీసీడీ అనే ఇంకో రకం సెన్సర్ ఉంటుంది, లోపల అద్దాలూ లెన్సూ ఉంటాయి కాబట్టి కొంచెం ఎత్తులో ఉన్నదాన్ని కూడా పట్టుకుంటుంది. వీ600 మూతలోనే నెగెటివ్‌ల కోసం లైటు ఉంటుంది.

ఈ తేడా మా ఇంట్లో ఎట్లా తగిలిందో చెప్తాను. నాయనమ్మ పెళ్లినాటి ఫోటో ఒకటి ఫ్రేములో ఉండేది, చెమ్మకి ఫోటో పైఅద్దానికి అతుక్కుపోయింది. అట్లాంటిదాన్ని పీకకూడదు, పీకితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. ఫ్రేము చెక్కలు ఊడదీసి, అద్దంతో సహా బోర్లా పెట్టి స్కాన్ చేయాలి. నా పలుచటి స్కానర్ మీద పెడితే ఆ అద్దం మందానికే అందరూ పొగమంచులో నిలబడ్డట్టు వచ్చారు. బావమరిది లావు స్కానర్ మీద నాయనమ్మ మెడలో గుండ్లు లెక్కపెట్టొచ్చు. ఆ ఒక్క ఫోటో కోసం నేను ఆ స్కానర్ కొనలేదు, ఫోటోనే మిర్యాలగూడలో బావమరిది ఇంటిదాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి వచ్చాను. లావుది అడిగి తెచ్చుకునే చుట్టం ఉన్నవాళ్లు పలుచటిది కొనుక్కోండి, ఇది నా తీర్పు.

రెండు స్కానర్లూ ఓడిపోయే రకం ఒకటుంది, గరుకు కాగితం మీద వేసిన ఫోటోలు. తేనెపట్టులా చిన్న చిన్న గుంతలుండే కాగితం, ఒకప్పుడు స్టూడియోలవాళ్లు ఎక్కువగా వాడేవాళ్లు. స్కానర్ లైటు ఒక పక్కనుంచే పడుతుంది కాబట్టి ఆ గుంతలన్నీ నీడలతో తేలి, ముఖం మీద చుక్కలు చల్లినట్టు వస్తుంది. ఒకసారి నేరుగా, ఒకసారి తలకిందులుగా తిప్పి స్కాన్ చేసి రెండూ ఒకదాని మీద ఒకటి కలిపితే చాలావరకు తగ్గుతుంది. అంత ఓపిక లేకపోతే నీడపట్టున, రెండువైపులా సమానంగా వెలుతురు వచ్చే చోట పెట్టి మంచి కెమెరాతో తీయడమే నయం.

నెగెటివ్‌ల సంగతి: 35 మి.మీ. నెగెటివ్‌లో ఒక్కో ఫోటో 24×36 మి.మీ. అంతే. 2400 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 77 లక్షల పిక్సెళ్లు వస్తాయి, ఎ4 ప్రింటుకి బాగానే సరిపోతుంది. దుమ్ము మచ్చలు తీసే డిజిటల్ ఐస్ అని వీ600లో ఉంటుంది, అది ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో దుమ్మును పసిగడుతుంది, నెగెటివ్‌లలో కలర్‌వాటికే పనికొస్తుంది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో ఉండే వెండి ఆ కిరణాలకి అడ్డం పడుతుంది, వాటికి వేస్తే ఫోటో పాడైనట్టు వస్తుంది, ఆపేయండి.

## డీపీఐ ఎంత పెట్టాలి

కాగితాలకి 300. ఎ4 పేజీ దాంట్లో 2480×3508 పిక్సెళ్లు వస్తుంది, ఎంత చిన్న రాతైనా చదవొచ్చు. రాత మరీ వెలిసిపోతే 400 పెట్టుకోండి. పాత కాగితమైతే తప్పకుండా కలర్‌లోనే చేయండి. గోధుమ రంగుకి తిరిగిన సిరా కలర్ స్కాన్‌లో ఉంటే తర్వాత ఏదైనా ఫోటో సాఫ్ట్‌వేర్‌లో నీలం ఛానల్ (ఫోటోలోని నీలి రంగు భాగం) ఒక్కటే చూడండి, కళ్లకి కనపడని అక్షరాలు కూడా చాలాసార్లు తేలుతాయి. పలుచటి కాగితానికి వెనకవైపు రాత కనిపిస్తుంటే దాని మీద ఒక నల్ల చార్టు ముక్క పరిచి మూత వేయండి.

4×6 ఫోటోలకి 600, దాంట్లో 2400×3600 వస్తుంది. పాస్‌పోర్టు సైజువి, ఇంకా చిన్నవి 1200.

ఇప్పుడు అందరూ అడిగేది. ఇంట్లో పెద్దాయన పోతాడు, దినాల నాటికి ఫ్రేము కట్టించాలి, ఆయనది విడిగా ఒక్క ఫోటో కూడా ఉండదు, ఎప్పుడో నాగార్జునసాగర్ డ్యామ్ చూడ్డానికి పోయినప్పుడు పదిమందితో దిగిన గ్రూపు ఫోటో ఉంటుంది. అందులో తల సెంటీమీటరు ఉంటే 1200 డీపీఐలో 472 పిక్సెళ్లు. మంచి ప్రింటుకి అంగుళానికి 300 కావాలనుకుంటే అది నాలుగు సెంటీమీటర్ల ముఖానికే సరిపోతుంది. 4800 పెడితే పిక్సెళ్లు పెరుగుతాయి కానీ ముఖం పెరగదు, ప్రింటు కాగితంలోనే అంతకు మించి వివరం లేదు, కాగితం నార కనపడుతుంది అంతే. ఆ ఫోటో నెగెటివ్ దొరికితే మాత్రం కథ వేరు, వెతకండి. నెగెటివ్‌ని నేరుగా కాగితానికి ఆనించి వేసిన చాలా పాత చిన్న బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు కూడా చూడ్డానికి చిన్నవే కానీ లోపల చాలా దాచుకుంటాయి, వాటికి 1200 వృథా కాదు.

## ఎవరికి ఏది

భూమి కాగితాలు మాత్రమే ఉన్న రైతు కుటుంబమైతే స్కానర్ కొనకండి. ప్రింటర్ ఉన్న చుట్టం ఇంట్లో ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది, రేపు ఇంకేం వస్తుందో, పోర్టల్ ఏదైనా మన దగ్గర సేత్వార్ (తొలి భూమి సర్వే రికార్డు), పహాణి, బైనామా మంచి స్కాన్లు సిద్ధంగా ఉంటే ఉరకాల్సిన పని ఉండదు. స్కాన్ ఉంది కదా అని ఒరిజినల్‌ని పడేయకండి, లామినేషన్ కూడా చేయించకండి, విచారణకి చూపించాల్సింది ఆ కాగితమే.

ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టే పిల్లలకి ఫోన్ చాలు. డిజీలాకర్‌లో దొరికేవి అక్కడినుంచే దించుకోండి, స్కాన్ దండగ.

రెండు మూడు వందల విడి ఫోటోలున్న ఇంటికి పలుచటి ఫ్లాట్‌బెడ్ కొనడం తప్పు కాదు. అద్దం మీద 4×6 ఫోటోలు మూడు పడతాయి, రెండు నిలువుగా, కింద ఒకటి అడ్డంగా. పాత 3.5×5 సైజువైతే నాలుగు. సాఫ్ట్‌వేర్ వాటిని విడివిడిగా కోసి పెడుతుంది, ఫోటోల మధ్య వేలెడు సందు వదలాలి. తుడవడం, పెట్టడం, స్కాన్ అన్నీ కలిపి ఒక విడతకి రెండు నిమిషాలు వేసుకున్నా మూడొందల ఫోటోలు మూడున్నర గంటల పని, రెండు ఆదివారాలు అనుకోండి. నాణ్యత తగ్గని టిఫ్ ఫైళ్లుగా దాచుకుంటే ఒక్కోటి 26 ఎంబీ, మూడొందలకి 8 జీబీ కూడా కాదు.

వలస పోయిన కుటుంబాల సంగతి కొంచెం వేరు. పాలమూరు ఊళ్లలో చాలా ఇళ్లలో ఫోటోలు సగం ఇక్కడ, సగం ముంబైలోనో పుణేలోనో ఉంటాయి. మా పెద్దమ్మ వాళ్లది దేవరకద్ర దగ్గర, పెదనాన్న ఫోటోలన్నీ ముంబై స్టూడియోల్లో పూలతోట పరదా ముందు దిగినవే. ఇట్లాంటివాళ్లు స్కానర్ కొనే బదులు పండక్కి అందరూ వచ్చినప్పుడు ఒకే చోట ఫోన్‌తో ముందు అన్నీ తీసుకుని, బాగున్నవి ఏరి, అవి మాత్రం మంచి స్కానర్ మీద పెట్టడం మేలు.

నెగెటివ్‌లు వందల్లో ఉండి, ఇంట్లో ఒకరికి దీని మీద పిచ్చి ఉంటేనే లావు స్కానర్.

## కూర్చునేముందు

ఫ్యాన్ ఆపేయండి, దుమ్మూ ఎగిరే ఫోటోలూ రెండూ తగ్గుతాయి. అద్దాన్ని పొడి మెత్తటి బట్టతో తుడవండి, తుడిచే ద్రవాన్ని నేరుగా అద్దం మీద కొట్టకండి, అంచుల్లోంచి లోపలికి దిగితే మచ్చ పోదు. జిగురు ఆల్బమ్‌లో అతుక్కున్న ఫోటోని గోరుతో లేపకుండా కింద నుంచి కుట్టుదారం అటూఇటూ లాగుతూ విడదీయండి, రాకపోతే ఆల్బమ్ పేజీతో సహా స్కాన్ చేయండి. ఫోటో వెనక కూడా ఒక స్కాన్ తీయండి, స్టూడియో ముద్ర, తేదీ చాలాసార్లు అక్కడే ఉంటాయి.

పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. మాది ఒక పెన్‌డ్రైవ్ నల్లగొండలో నా దగ్గర, ఇంకోటి మహబూబ్‌నగర్‌లో అక్క దగ్గర ఉంది. పేర్లు మాత్రం ఇంకా సగమే పెట్టాం. ఎవరు ఎవరో మా మేనత్తకే తెలుసు, ఆమె ఒక్కో ఫోటోకి పావుగంట కథ చెప్తుంది.